యజమానియా? ధర్మకర్తయా?

గ్రామములోని దేవాలయమునకు ఒక ధర్మకర్త ఉండును. గుడి తాళపుచెవి ఆయన యొద్దనే ఉండును. మాన్యము కౌలు ఆయనయే వసూలు చేయును. ఉత్సవమునకు బాజాభజంత్రీలను ఆయనయే కుదుర్చును. అయినను ఆ గుడి ఆయనదని ఊరిలో ఎవ్వరును అనరు. నలుగురు కూడినచోట లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన లేచి నిలువబడి చెప్పవలసినదే. “దీపారాధన నూనెకు ఇంత యేల అయినది?” అని ఒక ముసలి రైతు అడిగినచో “అడుగుటకు నీవెవడవు?” అనుట ఆయనకు చెల్లదు. అట్లన్ననాడు తాళపుచెవి ఆయన చేతిలో ఉన్నను ఊరి మనసులో ఆయన ధర్మకర్త కాడు.

ఫుట్‌బాల్ ఆటను గురించి వ్రాయబూని గుడి సంగతితో మొదలుపెట్టితినేమని పాఠకులు అనుకొనవచ్చును. కారణము కలదు. నేడు ప్రపంచములో పెద్దపెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు అనేకము ధనవంతుల చేతులలోనికి, వ్యాపార సంస్థల చేతులలోనికి, కొన్నిచోట్ల ప్రభుత్వ నిధుల చేతులలోనికిని పోయినవి. వాటాలు కొన్నవాడు చట్టరీత్యా యజమాని. అందు సందేహము లేదు. కాని తాతనాటి నుండి ఆ జట్టును తమదని నమ్మి, వానలో నిలిచి కేకలు వేసి, జీతములో కొంత మిగిల్చి టిక్కెట్టు కొన్న సామాన్యునకు ఆ యజమాని ఏమి చెప్పవలెను? ఎవరి ద్వారా చెప్పవలెను? చెప్పనని మౌనము వహించినచో ఏమగును? ఈ ప్రశ్నలకు ఇంగ్లాండులోని ఒక నగరము ఏండ్ల తరబడి సమాధానము వెదకుచున్నది. ఆ నగరపు కథ మన ఉపాధ్యాయులకును విద్యార్థులకును వినదగినది.

టైన్ నది ఒడ్డున

ఆ నగరము న్యూకాసిల్. అవసరము లేనిచోటికి వస్తువును మోసికొనిపోవుటను “న్యూకాసిల్‌కు బొగ్గు మోయుట” అని ఇంగ్లీషువారు చెప్పు సామెతను మన విద్యార్థులు పాఠ్యగ్రంథములలో చదివియే యుందురు. ఒకప్పుడు అంత బొగ్గు ఆ ప్రాంతమున పండినది. టైన్ నది పొడవునను ఓడల కార్ఖానాలు ఉండెడివి. ఇరువదవ శతాబ్దము ముగియునాటికి గనులు మూతపడినవి. కార్ఖానాలలో సుత్తి చప్పుడు సన్నగిల్లినది. ఆ ఊరివారికి తమదని చెప్పుకొనుటకు గట్టిగా మిగిలినది ఒక ఫుట్‌బాల్ జట్టు.

ఈస్ట్ ఎండ్ అను జట్టు, మూతపడిన వెస్ట్ ఎండ్ అను జట్టు ఆడిన మైదానమునకు వచ్చి చేరి, 1892లో న్యూకాసిల్ యునైటెడ్ అను పేరు పెట్టుకొన్నది. ఆ మైదానమే సెయింట్ జేమ్స్ పార్క్. నగరపు నడిబొడ్డుననే ఉన్న ఆ క్రీడారంగమున నేడు సుమారు 52 వేలమంది కూర్చుండవచ్చును. లండనులోవలె వీధికొక పెద్ద జట్టు ఇక్కడ లేదు. ఊరంతటికిని ఒక్కటే జట్టు, నలుపు తెలుపు చారల చొక్కా ఒక్కటే. 1951, 1952, 1955 సంవత్సరములలో మూడుసార్లు ఇంగ్లాండు ఎఫ్.ఎ. కప్పు గెలిచిన జట్టది. 1969లో ఐరోపా జట్ల నడుమ జరిగిన ఒక పోటీలో విజయము లభించినది. ఆ మీదట దశాబ్దముల తరబడి ఏ పెద్ద కప్పును రాలేదు. అయినను జనము రాక మానలేదు. గెలుపు కొరకే వచ్చువారు ఆట చూచువారు. ఓడుదురని తెలిసియు వచ్చువారు అభిమానులు. అట్టి అభిమానులే న్యూకాసిల్‌వారు.

1997లో ఈ క్లబ్బు వాటాలను లండను స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్మకమునకు పెట్టినారు. వాటాలు వ్యాపారమునకు వచ్చుట మంచిదా చెడ్డదా అను చర్చ ఎట్లున్నను, అందువలన ఒక లాభము కలిగినది. పదిమంది కొన్న సంస్థ గనుక కార్యనిర్వాహకులు ఏటేట సభ పెట్టి, నివేదిక చదివి, చిన్న వాటాదారు అడిగిన ప్రశ్నకు సైతము ముఖము చూచి బదులు చెప్పవలసి యుండెను. 2007లో మైక్ ఆష్లే అను క్రీడాసామగ్రి వర్తకుడు సుమారు 13 కోట్ల 40 లక్షల పౌన్లకు క్లబ్బును కొన్నాడు. వాటాలు ఒక్క చేతిలోనికి పోగానే క్లబ్బు స్టాక్ ఎక్స్ఛేంజి నుండి తొలగినది. చట్టము కోరిన లెక్కలు ఏటేట దాఖలగుచునే యున్నవి. కాని అవి గడచిన సంవత్సరపు అంకెలు. అంకెలను ఎంత ప్రశ్నించినను అవి నోరు విప్పవు. ప్రశ్న అడుగుటకొక సభ, బదులు చెప్పుటకొక మనిషి ఉండిన ఏర్పాటు ఆ దినముతో పోయినది.

ఒక అబద్ధము, ఒక తీర్పు

క్రొత్త యజమానిని మొదట ఊరు ద్వేషింపలేదు. క్లబ్బు నెత్తిమీదనున్న అప్పు తీర్చుటకు ఆయన పదికోట్ల పౌన్లకు పైగా వడ్డీ లేకుండ ఇచ్చినాడు. జట్టు చొక్కా తొడుగుకొని అభిమానుల నడుమ కూర్చుండి ఆట చూచినాడు. 2008 జనవరిలో కెవిన్ కీగన్‌ను శిక్షకునిగా మరల పిలిపించినాడు. కీగన్ అన్నచో ఆ ఊరికి ప్రాణము. 1980 తరువాత ఆ జట్టున ఆడినవాడు. 1992 మొదలు 1997 వరకు దానిని నడిపి మొదటి వరుసలో నిలిపినవాడు.

అయినను ఎనిమిది నెలలు తిరుగకముందే, 2008 సెప్టెంబరులో, కీగన్ రాజీనామా ఇచ్చి వెడలిపోయినాడు. కారణమేమో జనమునకు తెలియదు. క్లబ్బువారు అంతకుముందు పలుమారులు బహిరంగముగా చెప్పిన మాట ఒకటి మాత్రము అందరికిని జ్ఞాపకమున్నది: ఏ ఆటగానిని తీసికొనవలెనో నిర్ణయించు తుదిమాట కీగన్‌దే అని. తుదిమాట తనదైనప్పుడు ఆయన ఎందుకు అలిగినాడు? మొండివాడా? మాటమీద నిలుకడ లేనివాడా? ఊరిలో రెండు వర్గములు ఏర్పడి వాదించుకొన్నవి.

వివాదము ప్రీమియర్ లీగు నియమించిన మధ్యవర్తుల ముందునకు పోయినది. 2009 అక్టోబరులో తీర్పు వెలువడినది. ఆ తీర్పు చదివినవారికి ఒడలు జలదరించినది. ఉరుగ్వే దేశపు ఆటగాడొకనిని కీగన్ వలదన్నను క్లబ్బు తీసికొన్నది. అతని ఆట తాను చూడలేదని కీగన్ అనగా, యూట్యూబులో బొమ్మలున్నవి చూచుకొమ్మని సమాధానము వచ్చినది. ఆ ఆటగానిని తెచ్చుటలో అసలు ఉద్దేశము దక్షిణ అమెరికాకు చెందిన ఇద్దరు దళారులకు మేలు చేయుట యని విచారణలో తేలినది. ఆ ఆటగాడు న్యూకాసిల్ పక్షమున రెండే ఆటలలో, అదియు మరియొకరికి బదులుగా, దిగినాడు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. తుదిమాట కీగన్‌దే యని తాము పత్రికలకు చెప్పినది నిజము కాదని క్లబ్బువారే ఒప్పుకొన్నారు. అది కేవలము ప్రజాసంబంధముల కొరకు చెప్పిన మాట యని సమర్థించుకొన్నారు. కీగన్‌ను వెడలిపోవునట్లు చేసినది క్లబ్బే యని మధ్యవర్తులు నిర్ణయించి, ఆయనకు ఇరువది లక్షల పౌన్లు చెల్లింపుమన్నారు.

ఇచ్చట ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలెను. క్లబ్బు అబద్ధము చెప్పినది విలేఖరులకు; కాని మోసపోయినది విలేఖరులు కారు. ఆ మాటను మరునాడు పత్రికలో చదివి నమ్మి, తన ప్రియనాయకుని తప్పుపట్టిన సామాన్యుడు మోసపోయినాడు. ఆ ఏడాది కాలములో జట్టు మొదటి శ్రేణి నుండి క్రిందికి జారినది. తమ జట్టు ఎందుకు జారినదో తెలిసికొనుటకు ఆ ఊరివారికి న్యాయవిచారణ వంటిది జరుగవలసి వచ్చినది. విచారణ జరుగకున్నచో? ఆ అబద్ధము చరిత్రగా నిలిచిపోయెడిది.

అద్దమును పగులగొట్టిన కథ

2011 నవంబరులో మరియొక సంగతి జరిగినది. నూటికి పైగా సంవత్సరములుగా సెయింట్ జేమ్స్ పార్క్ అని పిలువబడుచున్న మైదానమునకు యజమాని తన దుకాణముల పేరు పెట్టి, స్పోర్ట్స్ డైరెక్ట్ ఎరీనా యన్నాడు. మైదానపు పేరును బయటి సంస్థలకు అమ్ముట కొరకు మొదటిమెట్టుగా ఇట్లు చేసినామని క్లబ్బు చెప్పినది. ఆ మైదానము క్రింది నేల సైతము క్లబ్బుది కాదు, కౌలునేల. అయినను పేరు మార్చుటకు ముందు ఊరి నెవ్వరును అడుగలేదు. మరుసటి సంవత్సరము అక్టోబరులో క్రొత్తగా వచ్చిన ప్రకటనదారు సంస్థ ప్రాత పేరునే తిరిగి పెట్టించినది. ఊరు ఎంత మొత్తుకొన్నను రాని పేరు, ఒక అప్పుల వ్యాపారి పుణ్యమున తిరిగి వచ్చినది!

2013 అక్టోబరులో కొన్ని వందలమంది అభిమానులు యజమానికి వ్యతిరేకముగా ఊరేగింపు జరిపినారు. స్థానిక పత్రికలు ఆ వార్తను వివరముగా ప్రకటించినవి. క్లబ్బువారికి కోపము వచ్చినది. ఊరేగింపునకు ఇచ్చిన ప్రాచుర్యము అతిగా ఉన్నదని ఆక్షేపించి, ఒకే సంస్థకు చెందిన క్రానికల్, జర్నల్, సండే సన్ అను మూడు పత్రికలను బహిష్కరించినారు. ఆ పత్రికల విలేఖరులు క్లబ్బు జరుపు విలేఖరుల సమావేశములకు రారాదు, ఆటగాండ్రతో మాటలాడరాదు, మైదానములో విలేఖరులకు కేటాయించిన చోట కూర్చుండరాదు. ముఖము బాగులేదని అద్దమును పగులగొట్టినట్లున్నది ఈ పని.

ఈ పత్రికలు ఊరిలో నిన్న మొన్న పుట్టినవి కావు. జర్నల్ పత్రిక 1832 నాటిది. క్రానికల్ 1885లో దినపత్రికగా వచ్చినది. అనగా క్లబ్బు పుట్టకముందే పుట్టినవి. తాతలు గెలిచిన కప్పుల వార్తలను కత్తిరించి పెట్టెలలో దాచుకొన్న కుటుంబములు ఎన్నియో ఆ ఊరిలో ఉండును. లండను పత్రిక విలేఖరికి న్యూకాసిల్ పదింటిలో ఒకటి. స్థానిక పత్రిక విలేఖరికి అదియే లోకము. ఎవరి మోకాలికి దెబ్బ తగిలినది, టిక్కెట్టు ధర యేల పెరిగినది, పిల్లల శిక్షణశాలలో గోడ యేల కూలినది, అను చిల్లర సంగతులు అడుగువాడు వాడే. అందుచేత వానిని ముందుగా వెలివేసినారు.

2015లో ఈ ధోరణి మరియొక మెట్టు ఎక్కినది. ఆ యేడు జూనులో స్టీవ్ మెక్లారెన్‌ను క్రొత్త శిక్షకునిగా నియమించినారు. ఆనవాయితీ ప్రకారము విలేఖరులందరిని పిలిచి ఆయనను పరిచయము చేయవలెను. అట్లు చేయక, క్లబ్బు తాను ఇష్టపడి ఎన్నుకొన్న ఒక టెలివిజను సంస్థకును ఒక దినపత్రికకును మాత్రమే ఆయనతో మాటలాడు అవకాశము ఇచ్చినది. మిగిలినవారు గుమ్మము వెలుపల నిలిచిపోయినారు. మాకు నచ్చినవారే మమ్ము ప్రశ్నింపవలెను అను నియమము పెట్టుట, విద్యార్థి తన పరీక్షాధికారిని తానే నియమించుకొనుట వంటిది కాదా? అట్టి పరీక్షలో నూటికి నూరు మార్కులు వచ్చినను ఆ మార్కులకు విలువ యేమి? మరుసటి సంవత్సరము జట్టు రెండవసారి క్రింది శ్రేణికి జారినది.

యజమాని పక్షమున

న్యాయముగా మాటలాడుటకు యజమాని పక్షమును సైతము వినవలెను. “డబ్బు నాది. నష్టము వచ్చినచో నాకే వచ్చును. ఏ ఆటగానిని ఎంతకు కొనదలచితినో ముందుగా చెప్పినచో అమ్మువాడు ధర పెంచును. పత్రికలవారు నా మాటను వంకరగా వ్రాయుదురు. ఇంక నేనేల మాటలాడవలెను?” అని అట్టివాడు అనవచ్చును. ఇందు నిజము లేకపోలేదు. బేరము తెగకముందు గుట్టు కావలెను. పత్రికలును తప్పులు చేయును. ఒక్కొక్కప్పుడు క్రూరముగా కూడ ప్రవర్తించును.

కాని బేరము జరుగుచుండగా గుట్టు కోరుట వేరు. బేరము జరిగిన పిమ్మట కూడ లెక్క చెప్పననుట వేరు. తప్పు వ్రాసిన పత్రికకు దిద్దుబాటు పంపుట వేరు. నచ్చని వార్త వ్రాసినదని తలుపు మూయుట వేరు. మరియొక సంగతి కూడ కలదు. ఒక సబ్బు నచ్చనివాడు మరియొక సబ్బు కొనుక్కొనును. న్యూకాసిల్ అభిమాని అట్లు పొరుగు ఊరి సండర్లాండ్ జట్టు చొక్కా తొడుగుకొనగలడా? ప్రాణము పోయినను తొడుగడు. విడిచిపోలేని వానితో చేయు వ్యాపారము మామూలు వ్యాపారము కాదు. విడిచిపోలేని వానికి అడుగు హక్కు ఎక్కువగా ఉండవలెను, తక్కువగా కాదు.

2016 జూనులో ఇదే యజమాని తన దుకాణముల గోదాములో పనివారి స్థితిగతులను గూర్చి బ్రిటిషు పార్లమెంటు సంఘము ముందు నిలువవలసి వచ్చినది. మొదట రానన్నాడు, చట్టసభ పట్టుబట్టగా వచ్చినాడు. వచ్చి, అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పినాడు. పనివారికి చట్టము నిర్ణయించిన కనీసపు కూలికంటె తక్కువ ముట్టినదని ఒప్పుకొన్నాడు. సరియైన చోట, సరియైన అధికారముతో ప్రశ్న అడిగినచో మౌనము ఎట్లు కరగునో ఈ ఘటన చూపుచున్నది. పార్లమెంటునకు పిలిపించు అధికారము కలదు. అభిమానికి అది లేదు. వానికున్న దిక్కు విలేఖరి ఒక్కడే.

గెలుపు వచ్చిన తరువాత

ఇంతవరకు కథ సులభము. చెడ్డ యజమాని, మంచి అభిమానులు అని తీర్పు చెప్పి ముగింపవచ్చును. కాని నిజమైన పరీక్ష ఆ తరువాత వచ్చినది.

2020లో సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి ప్రధానముగా గల ఒక బృందము క్లబ్బును కొనుటకు ముందుకు వచ్చినది. యజమానిగా ఉండదగునా లేదా యని ప్రీమియర్ లీగు జరుపు పరిశీలన నెలలు గడచినను తేలక, జూలైలో ఆ బృందము వెనుకకు తగ్గినది. వ్యవహారము తిరిగి మధ్యవర్తుల ముందునకు పోయినది. అది మూసిన తలుపుల వెనుక జరుగునది. ఇచ్చట కాలము చేసిన వింత చూడుడు. ఈ విచారణ బహిరంగముగా, పత్రికలవారి యెదుట జరుగవలెనని 2021లో డిమాండు చేసినది ఎవరు? పత్రికలను వెలివేసిన ఆ క్లబ్బే! దాచుటకు తమ యొద్ద ఏమియు లేదని ప్రకటించినది. వెలుతురు విలువ చీకటిలో చిక్కుకొన్నవానికి తెలియును.

2021 అక్టోబరు 7న అమ్మకము జరిగినది. ధర 30 కోట్ల 50 లక్షల పౌన్లు. అందు నూటికి 80 వంతులు సౌదీ నిధివి. సౌదీ రాజ్యము క్లబ్బును అదుపులో పెట్టుకొనదని చట్టబద్ధమైన హామీలు తమకు లభించినవని ప్రీమియర్ లీగు ప్రకటించినది. కాని ఆ నిధికి అధ్యక్షుడు సౌదీ యువరాజే. 2018 అక్టోబరులో జమాల్ ఖషోగ్గి అను సౌదీ పాత్రికేయుడు ఇస్తాంబుల్ నగరమందలి సౌదీ కాన్సులేటులో హత్య చేయబడినాడు. ఆ చర్యకు యువరాజు ఆమోదము ఉన్నదని అమెరికా గూఢచారి శాఖ 2021లో ప్రకటించిన నివేదిక చెప్పినది; యువరాజు తాను ఆజ్ఞ ఇయ్యలేదన్నాడు. ఖషోగ్గిని వివాహమాడవలసిన స్త్రీ ఈ అమ్మకమును ఆపుడని ప్రీమియర్ లీగును వేడుకొన్నది. అమ్మకము నాడు మైదానము వెలుపల వేలమంది ఆడి పాడినారు. పదునాలుగేండ్ల చెర విడినదని వారి ఆనందము. కొద్దిమంది అభిమానులు మాత్రము ఈ డబ్బు ఎక్కడిదని అడిగినారు. వారి మాట ఆ కోలాహలములో వినబడలేదు.

2023లో అమెరికాలో గోల్ఫు ఆటకు సంబంధించిన ఒక వ్యాజ్యములో ఆ నిధి తరఫు న్యాయవాదులే, నిధి సౌదీ రాజ్యపు అంగమనియు, దాని గవర్నరు ప్రభుత్వమున మంత్రి హోదా గలవాడనియు కోర్టుకు విన్నవించినారు. ఆ గవర్నరే న్యూకాసిల్ క్లబ్బునకు చైర్మను. అట్లయినచో ప్రీమియర్ లీగునకు ఇచ్చిన హామీలలో ఏమున్నది? ఆ హామీల పాఠమును అభిమానులముందు పరచి యున్నచో ఈ ప్రశ్న పుట్టెడిది కాదు.

2025 మార్చి 16న లండనులోని వెంబ్లీ మైదానమున న్యూకాసిల్ జట్టు లివర్‌పూల్‌ను 2-1 గోల్స్‌తో ఓడించి లీగు కప్పు గెలిచినది. 1955 తరువాత స్వదేశములో పెద్ద కప్పు గెలుచుట అదే మొదలు. డెబ్బదియేండ్ల నిరీక్షణము! ఆ దినమున కన్నీరు పెట్టుకొన్న ముసలివారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. కాని ఒక ప్రశ్న నన్ను విడువకున్నది. ఓడిపోవుచున్నప్పుడు “లెక్క చెప్పుము” అని కేకలు వేసిన గొంతులు, గెలుచుచున్నప్పుడు ఎందుకు తగ్గిపోవును? దాపరికము ఓటమిలో మాత్రమే దోషమా? గెలుపులో అది ఒప్పగునా? ధర్మకర్త ఉత్సవమును ఘనముగా జరిపినాడు గనుక లెక్క అడుగనక్కరలేదని ఏ ఊరును అనరాదు.

చట్టము చేసినది, చేయలేనిది

ఇతర దేశములవారు ఈ చిక్కును వేరొక విధముగా విప్పుకొన్నారు. జర్మనీలో 1998 నుండి అమలులో ఉన్న నియమము ప్రకారము, కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బులో సగముకంటె ఎక్కువ ఓట్లు సభ్యులవే కావలెను. అందుచేత అధ్యక్షుడెంతవాడైనను ఏటికొకసారి సభ్యుల యెదుట నిలువవలెను. 2021 నవంబరులో బయర్న్ మ్యూనిక్ క్లబ్బు సభలో కతర్ దేశపు విమాన సంస్థతో గల ఒప్పందమును గూర్చి సభ్యులు నిలదీసినారు. చర్చకు అవకాశము ఈయక సభ ముగింపగా హాలంతయు కేకలతో మారుమ్రోగినది. ఆ ఒప్పందము 2023లో ముగిసినది. సభ రసాభాస అయినది నిజమే. కాని నిలదీయుటకొక హాలు, నిలదీయబడుటకొక మనిషి అచ్చట ఉన్నారు.

ఇంగ్లాండులో చట్టము ఆలస్యముగా మేల్కొన్నది. 2019 ఆగస్టులో బరీ అను ప్రాచీన క్లబ్బు, 1885లో పుట్టి రెండుమార్లు ఎఫ్.ఎ. కప్పు గెలిచినది, ఆర్థికస్థితి నిరూపింపలేక లీగు నుండి వెలివేయబడినది. ఆ క్లబ్బును దాని కడపటి యజమాని కొన్న వెల ఒక్క పౌను! 2021 ఏప్రిలులో ఆరు ఇంగ్లీషు క్లబ్బుల యజమానులు, మరి ఆరు విదేశీ క్లబ్బులతో కలిసి, తమ అభిమానులకు ఒక్కమాటైనను చెప్పక ఒక ప్రత్యేకమైన పోటీని ప్రకటించినారు. వీధులలోనికి వచ్చిన అభిమానుల ఆగ్రహమునకు రెండు దినములలో ఇంగ్లీషు క్లబ్బులన్నియు వెనుకకు తగ్గినవి. ఆ వెనుక జరిగిన విచారణ ఫలితముగా 2025 జూలైలో ఫుట్‌బాల్ పరిపాలనా చట్టము వచ్చినది. పై అయిదు శ్రేణుల క్లబ్బులను పరిశీలించుటకు స్వతంత్రమైన నియంత్రణ సంస్థ యొకటి ఏర్పడినది. యజమానుల యోగ్యతను అది పరీక్షించును. క్లబ్బు చిహ్నము, చొక్కా రంగు, మైదానము మొదలగు విషయములలో అభిమానులను సంప్రదింపవలెనను కట్టుబాటు వచ్చినది.

ఇది మంచి చట్టము. అయినను సంప్రదించుట వేరు, నిజము చెప్పుట వేరు. సమావేశమునకు పిలిచి, కాఫీ ఇచ్చి, ఏమియు చెప్పక పంపవచ్చును. నోరు తెరిపించు చట్టమును వ్రాయవచ్చును గాని, మనసు తెరిపించు చట్టము లేదు. ఆ పని అడుగువారి పట్టుదలవలననే జరుగవలెను.

మనకేమి?

ఈ కథ ఎక్కడిదో యని మనము చేతులు దులుపుకొనుటకు వీలులేదు. ఫుట్‌బాల్ ఆటలో ఒకనాడు భారతదేశమునకు హైదరాబాదు దారి చూపినది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను శిక్షకుని చేతులలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. ఉపాధ్యాయ మిత్రులు గర్వింపదగిన సంగతి, రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు.

ఆ వైభవము అంతరించిన చాలకాలమునకు, పుణె నగరపు క్లబ్బు మూతపడగా దాని స్థానమున 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్రొత్త క్లబ్బు వచ్చినది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి దేశపు అగ్రశ్రేణి లీగు కప్పు తెచ్చినది. పిమ్మట ధనపు ఇబ్బందులు వచ్చినవి. జీతములు అందక ఆటగాండ్రు తరలిపోయినారు. చేతులు మారిన క్లబ్బు 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి పోయినది. పుణె విడిచినది హైదరాబాదునకు వచ్చినది. హైదరాబాదు విడిచినది ఢిల్లీకి చేరినది. పసుపుపచ్చ చొక్కాలు కొనుక్కొన్న పిల్లలు మాత్రము ఇక్కడనే ఉన్నారు. క్లబ్బు అనగా అనుమతిపత్రము అయినచో అది ఎచ్చటికైనను పోవచ్చును. క్లబ్బు అనగా జనమయినచో, జనమును అడుగకుండ అది కదలరాదు.

విద్యార్థులారా! మీరు ఒక జట్టును ప్రేమించినప్పుడు దానిని గూర్చి ప్రశ్న అడుగుట ద్రోహమని ఎవరైనను చెప్పినచో నమ్మకుడు. ఇది మా ఇంటి సంగతి, బయటివాడు అడుగరాదు అని యజమాని అనును. కాని అడుగుచున్నవాడు బయటివాడు కాడు. ఆ యింట పుట్టి పెరిగినవాడే.

ఉపాధ్యాయ మిత్రులకు చిన్న విన్నపము. మన పాఠశాలలలోను కళాశాలలలోను పిల్లల నుండి ఆటల రుసుము వసూలు చేయుదుము. ఎంత వచ్చినది, ఎన్ని బంతులు కొన్నాము, వల ఎందుకు చినిగియే యున్నది అను లెక్కను ఏడాదికొకసారి నోటీసుబోర్డుమీద అంటించువారము ఎందరము? న్యూకాసిల్ యజమానిని తప్పుపట్టుటకు ముందు ఆ కాగితమును మనము అంటింపవలెను. దాని ముందు నిలిచి ఆరవతరగతి బాలుడు ఒకడు “అయ్యా, ఈ యేడు బంతులు మూడే యేల వచ్చినవి?” అని అడిగినచో, కోపగింపక నిలిచి బదులు చెప్పవలెను.